నెట్‌వర్కు ఫైళ్ళకు తగిన దారి ఏది?
(యు.డి.పి., టి.సి.పి. రవాణా నియమాల తులనాత్మక పరిశీలన)

విద్యార్థి వ్రాసిన వ్యాసమైనా, సిద్ధం చేసిన ప్రాజెక్టు నివేదికయైనా తాను కూర్చున్న కంప్యూటరులోనే ఉన్నదని భావించడం సహజం. కాని నలభై, యాభై కంప్యూటర్లు గల ప్రయోగశాలలో అది తరచుగా నిజం కాదు. ఫైళ్ళన్నీ వేరొక గదిలోని ఒక సర్వరులో ఉంటాయి. విద్యార్థి ఏ బల్ల వద్ద కూర్చుని తన పేరు, రహస్య పదం ఇచ్చినా ఆ ఫైళ్ళు ముందుకు వస్తాయి. పని ముగించి లేచిన కొంతసేపటికి తెర వెనుకకు పోతాయి. భద్రపరచిన ప్రతి పుటా తీగ మీదుగా ప్రయాణించి సర్వరుకు చేరుతుంది. ఆ ప్రయాణం ఏ నియమం ప్రకారం జరగాలి అన్నది ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకనాడు, ఒక పట్టికలో ఒకే ఒక మాటతో నిర్ణయించి ఉంటారు. లేదా ఎవరూ నిర్ణయించనందువల్ల యంత్రమే ఎన్నుకొని ఉంటుంది.

ఆ ఒక్క మాటయే ఈ వ్యాసానికి విషయం. కర్నూలు, కడప ప్రాంతాల కళాశాలలు కంప్యూటర్లను ఒక్కసారిగా కొనగలిగినవి కావు. పాత యంత్రాల సరసన కొత్తవి చేరుతూ ఉంటాయి. పాత తీగల స్థానంలో ఒక ఏడు వేగవంతమైన తీగలు వస్తాయి. పట్టికలోని మాట మాత్రం పాతదే మిగిలిపోతుంది. మందగతి తీగపై ఏ హానీ చేయని నియమం వేగవంతమైన తీగపై విద్యార్థి వ్రాతను చప్పుడు లేకుండా చెడగొట్టగలదని చూపడమే మా ఉద్దేశం. ఇది విద్యార్థులు నేర్వదగిన పాఠం. పరికరాల కొనుగోలుకు అనుమతినిచ్చే కళాశాల సంఘం పెద్దలు తెలిసికొనదగిన విషయం కూడా.

ఎన్.ఎఫ్.ఎస్., ఆటోమౌంటరు

ఒక యంత్రంలోని ఫైళ్ళను వేరొక యంత్రం తన సొంత ఫైళ్ళవలె వాడుకొనే ఏర్పాటును నెట్‌వర్కు ఫైల్ సిస్టమ్ అంటారు. సంక్షిప్తంగా ఎన్.ఎఫ్.ఎస్. దీనిని అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించింది. బయటి ప్రపంచం విరివిగా వాడిన రెండవ రూపపు వివరణ 1989లో ఆర్.ఎఫ్.సి. 1094 అనే పత్రంగానూ, మూడవ రూపపు వివరణ 1995లో ఆర్.ఎఫ్.సి. 1813గానూ వెలువడినవి. నాల్గవ రూపం 2000లో వెలువడి, 2003లోనూ 2015లోనూ సవరింపబడింది.

సర్వరులోని ఒక డైరెక్టరీని మన యంత్రపు చెట్టుకు ఒక కొమ్మగా అంటుకట్టడాన్ని మౌంటు చేయడం అంటారు. అన్ని కొమ్మలనూ యంత్రం లేచిన వెంటనే అంటుకట్టి ఉంచితే ఒక చిక్కు ఉన్నది. ఐదు సర్వర్లలో ఒకటి మూతపడినా, దానితో పనిలేని విద్యార్థి కంప్యూటరు కూడా ఆగిపోవచ్చు. అందువల్ల అవసరం వచ్చినపుడే మౌంటు చేసి, కొంతసేపు ఎవరూ తాకకపోతే విడదీసే ఒక సేవకుడు అవసరమైనాడు. ఆ సేవకుడే ఆటోమౌంటరు. సన్ సంస్థ దీనిని 1988లో సన్ ఓ.ఎస్. 4.0తో అందించింది. మరుసటి ఏడు లండన్ ఇంపీరియల్ కాలేజీలో జాన్ సైమన్ పెండ్రీ ఏ.ఎం.డి. అనే మరొక ఆటోమౌంటరును వ్రాశాడు. నేటి లినక్సు యంత్రాలలో ఈ పనిని ఆటో ఎఫ్.ఎస్. చేస్తున్నది.

ఆటోమౌంటరు ఒక పట్టికను చదువుతుంది. పట్టికలోని ప్రతి వరుసలో మూడు భాగాలు ఉంటాయి: కొమ్మ పేరు, షరతులు, సర్వరులోని స్థానం. పేరుకు బదులు నక్షత్రపు గుర్తు పెడితే ఆ ఒక్క వరుసయే విద్యార్థులందరి డైరెక్టరీలకూ వర్తిస్తుంది. ఐదు వందలమంది విద్యార్థుల ఫైళ్ళు ఏ దారిన నడవాలో ఆ వరుసలోని షరతుల భాగమే చెబుతుంది. మనం పరిశీలించబోయే మాట అక్కడ ఉన్నది.

రెండు రవాణా నియమాలు

ఇంటర్నెట్ పద్ధతిలో సమాచారం ఐ.పి. ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. ప్యాకెట్టు చేరుతుందన్న హామీ ఐ.పి. ఇవ్వదు. దానిపై నిలిచే రెండు ముఖ్య రవాణా నియమాలు యు.డి.పి., టి.సి.పి.

యు.డి.పి.ని జాన్ పోస్టెల్ 1980 ఆగస్టులో ఆర్.ఎఫ్.సి. 768గా ప్రకటించాడు. దాని శీర్షిక 8 బైట్లు మాత్రమే: పంపిన ద్వారం సంఖ్య, చేరవలసిన ద్వారం సంఖ్య, పొడవు, సరిచూపు మొత్తం. జాబు వ్రాసి తపాలా పెట్టెలో వేసి ఇంటికి పోవడం వంటిది ఇది. చేరినదో లేదో పంపినవాడే వేరే విధంగా తెలిసికోవాలి.

టి.సి.పి.కి మూలమైన ఆలోచనను వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రకటించారు. 1981 సెప్టెంబరులో ఆర్.ఎఫ్.సి. 793గా అది ప్రమాణమైంది, 2022లో ఆర్.ఎఫ్.సి. 9293 దాని స్థానంలోకి వచ్చింది. ఇందులో ముందు ఇరువైపులా ఒప్పందం కుదురుతుంది. తరువాత ప్రతి బైటుకూ వరుస సంఖ్య ఉంటుంది. అందినదానికి రసీదు వస్తుంది. రసీదు రానిదానిని మరల పంపుతారు. వరుస తప్పి వచ్చినవాటిని సరిచేసి అందిస్తారు. దారి ఇరుకైతే పంపేవాడు తన వేగం తగ్గించుకుంటాడు. ఈ కట్టుదిట్టాల కోసం కొంత జ్ఞాపకశక్తి, కొంత ప్రాసెసరు శ్రమ వెచ్చించాలి.

మొదట యు.డి.పి.ని ఎందుకు ఎన్నుకున్నారు?

నాటి నిర్ణయాన్ని నేటి కళ్ళతో చూచి తప్పుపట్టడం న్యాయం కాదు. 1980 దశకపు యంత్రాలకు ప్రతి లెక్కా బరువే. ఒకే భవనంలోని ఈథర్‌నెట్ తీగపై ప్యాకెట్లు పోవడం అరుదు. అంతకంటె ముఖ్యమైన కారణం ఎన్.ఎఫ్.ఎస్. స్వభావంలోనే ఉన్నది. రెండవ, మూడవ రూపాలలో సర్వరు ఏ క్లయింటును గూర్చీ జ్ఞాపకం ఉంచుకోదు. ప్రతి అభ్యర్థనా తనకు కావలసిన వివరమంతా తానే మోసుకొని వస్తుంది. సర్వరు ఆగి లేచినా క్లయింటు అదే అభ్యర్థనను మరల పంపితే చాలు. ఇటువంటి పద్ధతికి ఒప్పందాలు లేని యు.డి.పి. చక్కగా అమరింది.

అయితే మరల పంపడంలో ఒక మెలిక ఉన్నది. ఒక ఫైలులో నూరవ బైటు నుంచి ఈ మాటలు వ్రాయుము అన్న అభ్యర్థనను రెండుసార్లు పాటించినా ఫలితం ఒకటే. కాని ఈ ఫైలును తొలగించుము అన్నది అటువంటిది కాదు. మొదటిసారి తొలగిన తరువాత సర్వరు పంపిన జవాబు దారిలో పోయినదనుకొందాం. క్లయింటు మరల అడుగుతుంది. అటువంటి ఫైలే లేదని సర్వరు చెబుతుంది. పని జరిగినా జరగలేదన్న వార్త విద్యార్థికి చేరుతుంది. ఈ చిక్కును తగ్గించడానికి ఇటీవలి అభ్యర్థనలనూ జవాబులనూ సర్వరు గుర్తుంచుకొనే ఉపాయాన్ని చెట్ జుజాక్ 1989లో యూజ్‌నిక్స్ సదస్సులో వివరించాడు. టి.సి.పి. వచ్చిన తరువాత కూడా ఈ జాగ్రత్త అవసరమే. తెగిన ఒప్పందం మరల కుదిరినపుడు అభ్యర్థన రెండవసారి రావచ్చు. కాని ఆ సందర్భాలు బాగా తగ్గినవి.

యు.డి.పి. భవనం దాటి బయటికి వెళ్ళినపుడు ఇబ్బంది మొదలైంది. కెనడాలోని గెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రిక్ మాక్లెమ్ 4.3 బి.ఎస్.డి. రెనో వ్యవస్థకు వ్రాసిన ఎన్.ఎఫ్.ఎస్.లో టి.సి.పి.ని కూడా చేర్చి, ఆ అనుభవాన్ని 1991లో ప్రకటించాడు. ప్రాసెసరుపై కొంత అదనపు భారం పడినా, మందగతి అనుసంధానాలపై టి.సి.పి. నిలకడగా పనిచేస్తుందని ఆ కృషి చూపింది. ఒక విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో తన అవసరం కోసం చేసిన పని లోకానికంతటికీ దారి చూపడం మన విద్యార్థులు గమనింపదగినది.

ముక్కల లెక్క

ఈథర్‌నెట్ తీగపై ఒక చట్రం మోయగల ఐ.పి. సమాచారం సాధారణంగా 1500 బైట్లు. ఎన్.ఎఫ్.ఎస్. రెండవ రూపం ఒక్కసారిగా 8192 బైట్ల వరకు వ్రాయగలదు. యు.డి.పి. దీనిని ఒకే మూటగా ఐ.పి.కి అప్పగిస్తుంది. అంత మూట చట్రంలో పట్టదు కనుక ఐ.పి. దానిని ముక్కలు చేస్తుంది. ఒక్కొక్క ముక్క 1480 బైట్లు మోస్తుంది. శీర్షికలతో కలిపి 6 ముక్కలు అవుతాయి. ఆరింటిలో ఏ ఒక్కటి పోయినా మూట అంతా వ్యర్థమే. ఆరింటినీ మరల పంపాలి.

నూరు ముక్కలలో ఒకటి పోయే తీగను తీసుకొందాం. 6 ముక్కల మూట చెడే అవకాశం నూటికి సుమారు 6. మూటను 32768 బైట్లకు పెంచితే ముక్కలు 23 అవుతాయి. చెడే అవకాశం నూటికి 20 దాటుతుంది. అనగా పెద్ద మూటలతో వేగం పెంచబోయి, ప్రతి ఐదు మూటలలో ఒకదానిని పూర్తిగా మరల పంపుకొంటున్నామన్నమాట. టి.సి.పి. అయితే తీగకు సరిపడు పరిమాణంలోనే ముందుగా విడదీసి పంపుతుంది. పోయిన ఒక్క తునకను మాత్రమే మరల పంపుతుంది.

ఇంతవరకు చెప్పినది కాలహరణం మాత్రమే. అసలు ప్రమాదం తరువాత ఉన్నది.

ఒక కట్టలో వేరొక గ్రంథపు ఆకు

1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు తాళపత్ర గ్రంథాలను సేకరించి, పండితులచేత ప్రతులను పోల్చి చూపించి, శుద్ధ ప్రతులు వ్రాయించిన సంగతి మనకు తెలిసినదే. అటువంటి తాళపత్రాల పనిలో ఒక చిక్కును ఊహించండి. రెండు గ్రంథాల కట్టలు విడిపోయినవి. ఆకులపై అంకెలు మాత్రమే ఉన్నవి, గ్రంథం పేరు లేదు. ఒక గ్రంథపు 16వ ఆకు పోయినది. రెండవ గ్రంథపు 16వ ఆకు చేతికి దొరికినది. కట్టేవాడు దానినే పెట్టి కట్టాడు. ప్రతి ఆకూ శుద్ధంగానే ఉన్నది, అంకెల వరుసా సరిపోయినది. కాని గ్రంథం చెడిపోయినది. చదివి, అర్థం పోల్చి చూచినవాడికి తప్ప ఆ తప్పు తెలియదు.

యు.డి.పి. మూటల ముక్కలకు సరిగా ఇదే జరుగవచ్చు. ముక్కలను మరల కూర్చడానికి ఐ.పి. ప్రతి మూటకూ ఒక గుర్తు సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్యకు 16 బిట్ల చోటు మాత్రమే ఉన్నది. కనుక 65536 మూటల తరువాత అదే సంఖ్య మరల వస్తుంది. ఒక పాత మూటలో ఒక ముక్క దారిలో పోయి, మిగిలినవి గ్రహించే యంత్రంలో ఎదురుచూస్తున్నవనుకొందాం. లినక్సులో ఈ ఎదురుచూపు సాధారణంగా 30 సెకన్లు. ఆ లోపల అదే గుర్తు సంఖ్య గల కొత్త మూట వస్తే, కొత్త మూట ముక్క పాత మూటలోని ఖాళీలో పోయి కూర్చుంటుంది.

ఇక వేగం చేసే పనిని లెక్కించి చూద్దాం. 8192 బైట్ల మూటలు 65536 అంటే సుమారు 53 కోట్ల 69 లక్షల బైట్లు. సెకనుకు 10 మెగాబిట్ల తీగ నిండుగా నడిచినా ఇంత సమాచారం పోవడానికి సుమారు 430 సెకన్లు పడుతుంది. 100 మెగాబిట్ల తీగపై 43 సెకన్లు. ఈ రెండూ 30 సెకన్ల గడువు కంటె ఎక్కువ. పాత ముక్కలు అప్పటికే పారవేయబడి ఉంటాయి. గిగాబిట్ తీగపై మాత్రం 4.3 సెకన్లు చాలు. 30 సెకన్లలో గుర్తు సంఖ్యలు దాదాపు ఏడుసార్లు తిరిగి వస్తాయి. పాత ఆకు చేతిలో ఉండగానే అదే అంకె గల కొత్త ఆకు వచ్చి పడుతుందన్నమాట. ఫైలు పద్ధతి మారలేదు, పట్టిక మారలేదు. తీగ వేగం ఒక్కటే మారింది.

దీనిని పట్టుకొనేవారు లేరా? ఈథర్‌నెట్ ప్రతి చట్రానికీ 32 బిట్ల పరీక్ష చేస్తుంది. కాని ప్రతి ఆకూ తనంతట తాను శుద్ధమే కనుక ఆ పరీక్షకు ఏమీ తెలియదు. మూట మొత్తానికి కాపలా యు.డి.పి. సరిచూపు మొత్తం ఒక్కటే. అది 16 బిట్లది. కలగాపులగమైన మూటలలో సుమారు 65536కు ఒకటి దానిని దాటిపోవచ్చు. ఇది చిన్న సంఖ్యయే. కాని రేయింబవళ్ళు నిండుగా పనిచేసే సర్వరులో చిన్న సంఖ్యలు కూడా ఒకనాడు నిజమవుతాయి. నిజమైన నాడు గంట మ్రోగదు, ఎర్రదీపం వెలగదు. విద్యార్థి వ్యాసం మధ్యలో 1480 బైట్లు, అనగా సుమారు 490 తెలుగు సంకేతాలు, ఆ యంత్రమే అంతకు కొద్ది సెకన్ల తేడాతో పంపిన మరొక ఫైలులోనివై ఉంటాయి. అది వ్యాసమైతే చదివినపుడైనా కనబడుతుంది. మార్కుల పట్టిక అయితే ఎవరు గుర్తించాలి?

ఈ కారణం చేతనే 2020లో వెలువడిన లినక్సు 5.6 కెర్నెలు నుంచి ఎన్.ఎఫ్.ఎస్. క్లయింటులో యు.డి.పి.ని మామూలుగా నిలిపివేశారు. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు 8లో యు.డి.పి.పై ఎన్.ఎఫ్.ఎస్. సేవకు మద్దతు తొలగించారు.

కాలువ, నీరుగంటి

రెండవ కారణం మన కాలువలను చూచినవారికి సులభంగా బోధపడుతుంది. సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరి కర్నూలు, కడప ప్రాంతాలను కలిపే కె.సి. కాలువను 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ త్రవ్వించింది. 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. ఏ కాలువకైనా మోయగల నీటికి ఒక మితి ఉన్నది. పైభాగంలో ప్రతివాడూ తన తూము పూర్తిగా ఎత్తితే చివరి పొలానికి నీరందదు. అందుకే రాయలసీమ పల్లెలలో చెరువు క్రింద నీటిని పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ఏ మడి నిండినదో, ఏది ఎండుతున్నదో చూచి తూమును తగ్గించడం, పెంచడం అతని పని.

టి.సి.పి.లో నీరుగంటి ఉన్నాడు, యు.డి.పి.లో లేడు. అయితే టి.సి.పి.కి కూడా ఈ వివేకం పుట్టుకతో రాలేదు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, అక్కడికి 400 గజాల దూరంలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య సమాచార ప్రవాహం సెకనుకు 32000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దారి ఇరుకైన కొద్దీ అందరూ పోయినవాటిని మరల మరల పంపి దారిని మరింత బిగించారు. ఆ అనుభవం నుంచి వాన్ జాకబ్‌సన్ 1988లో ప్రకటించిన పద్ధతులు టి.సి.పి.కి సంయమనం నేర్పినవి: మెల్లగా ప్రారంభించాలి, నష్టం కనబడితే వెంటనే తగ్గాలి, తరువాత కొద్దికొద్దిగా పెంచాలి.

ఒక గదిలోని నలభై కంప్యూటర్లలో విద్యార్థులు ఒకేసారి లోపలికి ప్రవేశించిన క్షణాన్ని తలచుకొంటే ఈ సంయమనం విలువ తెలుస్తుంది. కర్నూలులోని గ్రంథాలయ ఫైళ్ళను కడపలో చదువవలసి వస్తే అవసరం ఇంకా హెచ్చు. నాల్గవ రూపపు ప్రమాణం ఈ రద్దీ నియంత్రణను తప్పనిసరి చేసింది. కనుక నాల్గవ రూపాన్ని ఎన్నుకున్న కళాశాలకు యు.డి.పి. ప్రశ్నయే ఉండదు.

ఆటోమౌంటరు తెచ్చే ప్రత్యేక సమస్యలు

మనిషి స్వయంగా మౌంటు చేస్తే ఏ నియమం కుదిరిందో చూచే అవకాశం ఉన్నది. ఆటోమౌంటరు పని ఎవరికీ కనబడదు. ఇందులో మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, మౌనంగా దిగిపోవడం. పట్టికలో నియమం వ్రాయకపోతే, పాత క్లయింట్లు మూడవ రూపంలో ముందు టి.సి.పి.ని ప్రయత్నించి, సర్వరు దానికి సిద్ధంగా లేకపోతే యు.డి.పి.కి దిగుతాయి. సర్వరులో ఒక సేవ ఆ ఉదయం సరిగా లేవనందువల్ల ఆ రోజంతా విద్యార్థులు యు.డి.పి.పై పనిచేయవచ్చు. నియమం స్పష్టంగా వ్రాసి ఉంటే మౌంటు విఫలమవుతుంది. విద్యార్థి వచ్చి చెబుతాడు. కనబడే వైఫల్యం కనబడని నష్టం కంటె ఎంతో మేలు.

రెండవది, ద్వారాల కొరత. ఇది టి.సి.పి.కి చెందిన సమస్య. లినక్సు క్లయింటు ఎన్.ఎఫ్.ఎస్. కోసం సాధారణంగా 665 నుంచి 1023 వరకు గల ద్వారాలను వాడుతుంది. అవి 359 మాత్రమే. మూడవ రూపంలో మౌంటు చేయడానికి ముందు ద్వార సూచికను, తరువాత మౌంటు సేవకుణ్ణి వేర్వేరుగా అడగాలి. ముగిసిన టి.సి.పి. ఒప్పందపు ద్వారం లినక్సులో 60 సెకన్లపాటు విశ్రాంతిలో ఉంటుంది. వందలకొద్దీ డైరెక్టరీలను ఒకేసారి మౌంటు చేయబోతే ద్వారాలు చాలకపోవచ్చు. దీనికి ఉపాయం కలదు. ఫైళ్ళ రవాణాకు టి.సి.పి. ఉంచి, చిన్నదైన మౌంటు అభ్యర్థనకు మాత్రం మౌంట్‌ప్రోటో అనే షరతుతో యు.డి.పి.ని అనుమతించవచ్చు. అది ఒక్క చట్రంలో పట్టే జాబు కనుక ముక్కల ప్రమాదం లేదు. నాల్గవ రూపంలో మౌంటు సేవకుడే లేడు. 2049వ ద్వారం ఒక్కటి చాలు.

మూడవది, కాపలా గోడ. కళాశాల నెట్‌వర్కు గోడ యు.డి.పి.ని ఆపి టి.సి.పి.ని విడిచిపెట్టవచ్చు. అప్పుడు యు.డి.పి.తో సర్వరును పలుకరించే పట్టిక, సర్వరు నిక్షేపంగా ఉన్నా అది చచ్చిపోయినదని తలుస్తుంది. సర్వరు పనిచేస్తున్నా ఫైళ్ళు రాలేదని ఫిర్యాదు వచ్చినపుడు ముందుగా చూడవలసినది ఇదే.

టి.సి.పి. చేయలేని పనులు

టి.సి.పి.ని మెచ్చుకొన్న తరువాత దాని హద్దులు కూడా చెప్పాలి. టి.సి.పి. రసీదు సమాచారం సర్వరు యంత్రానికి చేరినదని మాత్రమే చెబుతుంది. డిస్కుపై వ్రాయబడినదని కాదు. డిస్కుకు చేర్చమని మూడవ రూపం నుంచి కమిట్ అనే ప్రత్యేక అభ్యర్థన ఉన్నది. డిస్కుకు చేరకముందే చేరినదని చెప్పమని సర్వరుకు అనుమతినిస్తే, కరెంటు పోయినపుడు ఏ రవాణా నియమమూ కాపాడలేదు.

అట్లే మౌంటులో కఠినం, మృదువు అనే రెండు రకాలు ఉన్నవి. మృదువైన మౌంటు కొంతసేపు చూచి, జవాబు రాకపోతే పని విఫలమైనదని చెబుతుంది. ఆ వార్తను లెక్కచేయని ప్రోగ్రాము సగం వ్రాసిన ఫైలును పూర్తియైనదిగా వదలివేస్తుంది. కఠినమైన మౌంటు సర్వరు తిరిగి లేచేవరకు ఓపికగా వేచి, ఆగినచోటి నుంచి సాగుతుంది. విద్యుత్తు తరచుగా పోయేచోట విద్యార్థుల వ్రాతకు కఠినమైన మౌంటే క్షేమం.

టి.సి.పి. రహస్యాన్ని కూడా కాపాడదు. దారిలో వినేవాడు చదువకుండా ఉండాలంటే వేరే ఏర్పాటు అవసరం. 2022లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9289 అటువంటి ఒక మార్గాన్ని టి.సి.పి. ఆధారంగా నిర్దేశించింది.

రెండు లిపుల కళాశాలకు ఒక మాట

ఉర్దూ, తెలుగు రెండూ నేర్చే మన విద్యార్థులకు నాల్గవ రూపం మరొక విధంగా కూడా తగినది. ఫైళ్ళ పేర్లను యు.టి.ఎఫ్. 8 సంకేతాలలో పంపాలన్న అవగాహన ఆ ప్రమాణంలోనే ఉన్నది. పూర్వ రూపాలలో పేరు బైట్ల వరుస మాత్రమే. ఏ లిపియో చెప్పేవారు లేరు. యు.టి.ఎఫ్. 8లో ఉర్దూ అక్షరానికి 2 బైట్లు, తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. కర్నూలు అని ఉర్దూలో కాఫ్, రే, నూన్, వావ్, లామ్ అన్న ఐదు అక్షరాలతో వ్రాస్తే 10 బైట్లు. తెలుగులో ఏడు సంకేతాలకు 21 బైట్లు. లినక్సు ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల మితి ఉన్నది. తెలుగులో 85 సంకేతాలు దాటరాదు. వత్తులు, గుణింతపు గుర్తులు కూడా విడి సంకేతాలే కనుక పేర్లు క్లుప్తంగా పెట్టుకోవడం మంచిది.

ఆచరణ

పై చర్చను బట్టి మా సూచనలు ఇవి:

1. సర్వరు, క్లయింట్లు అంగీకరించినచోట నాల్గవ రూపాన్నే వాడాలి. ఆటోమౌంటరు పట్టికలో ప్రోటో అన్న షరతుకు టి.సి.పి. అని తప్పక వ్రాయాలి. యంత్రం సరిగా ఎన్నుకుంటుందని ఖాళీగా వదలరాదు.

2. మూడవ రూపం తప్పనిచోట కూడా ఫైళ్ళ రవాణాకు టి.సి.పి.యే ఉండాలి. ద్వారాల కొరత కనబడితేనే మౌంటు అభ్యర్థనకు వేరు నియమం ఆలోచించాలి.

3. యు.డి.పి. తప్ప మరొకటి ఎరుగని పాత యంత్రం ఉంటే, దానిచేత ముఖ్యమైన ఫైళ్ళను వ్రాయించరాదు. చదవడం, వ్రాయడం 1024 బైట్లకు పరిమితం చేస్తే మూట ఒక్క చట్రంలో పడుతుంది; ముక్కలు కావు. వేగం తగ్గుతుంది, వ్రాత నిలుస్తుంది.

4. విద్యార్థుల డైరెక్టరీలకు కఠినమైన మౌంటు ఉండాలి. సర్వరుకు, దానిని కలిపే స్విచ్చికి యు.పి.ఎస్. ఉండాలి.

5. పట్టికలో ఏమి వ్రాశామో చూచి తృప్తిపడరాదు. మౌంటు అయిన తరువాత ఎన్.ఎఫ్.ఎస్.స్టాట్ ఆజ్ఞను ఎం గుర్తుతో ఇచ్చి, నిజంగా ఏ రూపం, ఏ నియమం కుదిరినదో చదవాలి.

6. తీగలు, స్విచ్చులు మార్చిన రోజున పట్టికను మరల చదవాలి. కొనుగోలు కాగితాలతో పాటు ఆ పట్టిక ప్రతిని కూడా దాచాలి.

7. వీటన్నిటి తరువాత కూడా ప్రతిదినం వేరొక చోట ప్రతి తీసి ఉంచాలి. ఏ రవాణా నియమమూ దానికి బదులు కాదు.

కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. వేగవంతమైన స్విచ్చి కోసం ధనం మంజూరు చేయడం సంతోషకరం. ఆ కాగితంపై సంతకం చేసేటపుడు, పాత పట్టికను ఎవరు సరిచూస్తారని ఒక్క ప్రశ్న అడిగితే ఆ ధనం సార్థకమవుతుంది. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలో కూర్చున్నపుడు మీ ఫైలు ఏ దారిన వెళ్ళుచున్నదో ఒకసారి మీరే పరీక్షించి చూడండి. పైన చెప్పిన ఆజ్ఞకు అర నిమిషం చాలు. టి.సి.పి. అని కనబడితే నిశ్చింతగా చదువు కొనసాగించండి. యు.డి.పి. అని కనబడితే యంత్రపు సంఖ్యను కాగితంపై వ్రాసి ఉపాధ్యాయులకు ఇవ్వండి. ఆ యంత్రంపై తరువాత కూర్చునే విద్యార్థికి మీరు చేసిన ఉపకారం అది.